పండుగ దాటినాక మందు కొట్టించిన ప్రమీల

నిన్న పొద్దున టీ గ్లాసు చేతిలో ఉండగానే ఫోన్ మోగింది. ప్రమీల చిన్న కూతురు.

"చిన్నమ్మా, అమ్మ పోయింది. నిద్రల్నే."

మహబూబాబాద్ నుంచి భూపాలపల్లిలో ప్రమీల ఇంటికి కార్లో బయల్దేరాను. ఏడుపు రాలేదు. వచ్చిన మొదటి ఆలోచన చెప్పడానికి సిగ్గుగా ఉంది.

ఇక నన్ను నేను పోల్చుకోవడానికి ఎవరూ లేరు.

అవును. నాకు ప్రమీల అంటే అసూయ. యాభై ఏళ్లు పైబడిన అసూయ. మంచి మాటలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను నిజం రాస్తాను.

మేం స్నేహితులం. ఇద్దరిదీ జనగామ. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీ మూతపడి ఏడాది పోయింది. ఆ ఏడాదంతా నేను ఇంట్లో కూర్చుని పుస్తకాలు బట్టీ పట్టాను. తను ఊరేగింపుల్లో తిరిగింది. ఆ తర్వాత ఇద్దరం బీఎస్సీ పాసయ్యాం. హైదరాబాద్‌లో యూనివర్సిటీలో హెల్త్ ఎడ్యుకేషన్ డిప్లొమాకు ఇద్దరికీ సీటు వచ్చింది.

ఆ చదువేంటో మా ఊళ్లో ఎవరికీ అర్థం కాలేదు. మా బాపు అయితే, "సూది ఇయ్యనియ్యరు, మందు రాయనియ్యరు. గిదేం దవాఖాన సదువు బిడ్డా?" అన్నాడు.

క్లాసులో మా యాస విని నవ్వేవాళ్లు. నేను నెల రోజుల్లో యాస మార్చుకున్నాను. ప్రమీల మార్చుకోలేదు.

వైవాలో మా ఇద్దరికీ ఒకటే ప్రశ్న. "కొత్త ఊళ్లో అడుగుపెట్టగానే ముందు ఏం చేస్తారు?"

నేను సర్వే, శాంపిల్, చార్టు అని టెక్స్ట్‌బుక్‌లో ఉన్నవన్నీ వరసగా అప్పజెప్పాను.

ప్రమీల, "మంచినీళ్లు అడుగుత సార్. కూసొని తాగుత. గంతల వాళ్లే మాట్లాడుడు షురూ జేస్తరు" అందట. సార్ నవ్వి, పెన్ను కింద పెట్టి, ఇంకా చెప్పమన్నారట.

నాకు ఫస్ట్ క్లాస్, తనకు సెకండ్ క్లాస్. అయినా ఆ వైవా సంగతి విన్న రోజు నాకు అన్నం సహించలేదు.

చదువయ్యాక మా బ్యాచ్ చెదిరిపోయింది. ఒకరు స్కూల్ హెల్త్‌లోకి, ఒకరు బొగ్గుగని కార్మికులకు జాగ్రత్తలు చెప్పే ఉద్యోగానికి, ఇంకొకరు నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పడానికి వెళ్లారు. నాకు జిల్లా ఆఫీసు దొరికింది. ఫ్యాన్ కింద కూర్చుని పోస్టర్లు, రిపోర్టులు తయారు చేసే పని.

ప్రమీలను కాటారం అవతల, అడవి అంచున ఉన్న ప్రైమరీ హెల్త్ సెంటర్‌కి వేశారు. నేనే గెలిచాను అనుకున్నాను.

అక్కడ మలేరియా ఎక్కువ. ఏటా దోమలు చావడానికి గోడలకు డీడీటీ కొట్టించేవాళ్లు. జ్వరాలు మాత్రం తగ్గేవి కావు. ఎందుకంటే మందు కొట్టిన వారానికే ఆడవాళ్లు గోడలు అలికేసేవాళ్లు. ఎర్రమట్టి కింద మందు కప్పబడిపోయేది.

నేను జీపులో వెళ్లి, చార్టులు పెట్టి, గంటసేపు లెక్చర్ ఇచ్చాను. అందరూ తలూపారు. మళ్లీ అలికారు.

మరుసటి ఏడు నేను వెళ్లేసరికి ప్రమీల చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, మోచేతుల దాకా మట్టితో, రాజవ్వ అనే ముసలామెతో కలిసి గోడ అలుకుతోంది. మందు కొట్టిన గోడ. నాకు ఒళ్లు మండింది.

"నువ్వు హెల్త్ ఎడ్యుకేటర్‌వేనా?" అన్నాను.

తను నాకు జవాబివ్వకుండా రాజవ్వను అడిగింది. "మందు కొట్టినంక ఎందుకు అలుకుతున్నవ్ అవ్వా? మా మేడంకు జర చెప్పు."

"బతుకమ్మ పండుగ గద బిడ్డా. తెల్ల మరకలతోని ఇల్లు గట్లనే ఉంచుకుంటమా? మీరు పండుగ ముంగటనే ఎందుకు కొడుతరు? అలికినంక కొట్టుండ్రి. మేమెందుకు చెరుపుతం?"

అంతే. ఎందుకు అలుకుతున్నవ్ అన్నది, అన్నేళ్లలో మాలో ఎవరమూ అడగని ప్రశ్న.

ప్రమీల అరపేజీ ఉత్తరం రాసింది. పండుగ దాటాక మందు కొట్టించండి అని. అది నా టేబుల్ మీదకు వచ్చింది. నేను దాన్ని పట్టికలతో, ఇంగ్లీషులో, పెద్ద రిపోర్టుగా మార్చాను. కింద నా పేరు ఒక్కటే పెట్టాను.

తేదీలు మారాయి. గోడల మీద మందు నిలిచింది. జ్వరాలు తగ్గాయి. మీటింగులో పెద్ద ఆఫీసర్ నన్ను నిలబెట్టి మెచ్చుకున్నారు. ఆ తర్వాత ప్రమోషన్ కూడా వచ్చింది.

ఆ మీటింగులో ప్రమీల చివరి వరసలో ఉంది. అయిపోయాక నా దగ్గరికి వచ్చింది. నేను సాకులు సిద్ధం చేసుకుని నిలబడ్డాను.

"మంచిగ రాసినవే విజయా. నేను రాసింది గా సార్లు చదువకపోదురు" అంది. "జ్వరం గోలీలు అయిపోయినయ్. జర జల్ది పంపియ్యమను."

తిట్టి ఉంటే నా అసూయ అక్కడితో తీరిపోయేదేమో. తిట్టలేదు. అప్పటిదాకా తన తెలివి చూసి కుళ్లుకున్నాను. ఆ రోజు నుంచి తన మనసు చూసి కూడా కుళ్లుకున్నాను.

తను చివరిదాకా ఊళ్లలోనే పని చేసింది. నేను ఆఫీసర్‌గా రిటైర్ అయ్యాను. నా రిటైర్మెంట్‌కు దండలు చాలా పడ్డాయి.

నిన్న తన ఇంటి ముందు ఆటోలు వరసగా ఆగాయి. కాటారం వైపు నుంచి ఆడవాళ్లు దిగుతూనే ఉన్నారు. నేను పోతే ఇంతమంది వస్తారా అని లెక్కపెట్టుకున్నాను. శవం ముందు నిలబడి కూడా.

అందులో ఒకామె రాజవ్వ కోడలు. తనకూ జుట్టు నెరిసింది. నా చెయ్యి పట్టుకుంది.

"విజయ మేడం నువ్వేనా? ప్రమీలమ్మ ఎప్పుడూ చెప్పేది. మందు తేదీలు మార్పించింది మా విజయనే అని."

చెప్పేశాను. జీవితంలో మొదటిసారి, పైకి.

"కాదమ్మా. అది ప్రమీల పని. నేను నా పేరు పెట్టుకున్నా."

ఆమె చెయ్యి వదల్లేదు.

"మాకు ఎరుకనే. మా అత్తతోని గోడలు అలికింది గామెనే గద."

అప్పుడు వచ్చింది ఏడుపు.

ప్రమీలా, నీ మీద అసూయ ఇంకా పోలేదే. ఇక ఎవరి జ్వరాల గురించీ పరేషాన్ కాకు. చల్లగా, నెమ్మదిగా పడుకో.