ప్రింటవుట్‌లో దొరకని సత్యవతి

1986 వేసవి. విశాఖపట్నంలో ఎం.టెక్. రెండో సంవత్సరం చదువుతున్నాను. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ అంటే ఏమిటో మా కొత్తపేటలో ఎవరికీ తెలియదు. ఎవరైనా అడిగితే మా నాన్నగారు, ఆయన బడిపంతులు, "కంప్యూటరు చేత పని చేయించే చదువండి" అనేవారు. తర్వాత నేను ముప్పై ఏళ్ళు ఆ పాఠాలే చెప్పినా అంతకంటే మంచి నిర్వచనం నాకు దొరకలేదు.

ప్రాజెక్టు కోసం మా ఊరి దగ్గర ఒక చిన్న మిషన్ ఆసుపత్రిని ఎంచుకున్నాను. అక్కడ పురుళ్ళ కార్డులు చెక్క సొరుగుల్లో కిక్కిరిసి ఉండేవి. వాటిని చూసుకునే రూతమ్మగారికి యాభై దాటాయి. కార్డులన్నిటికీ నంబర్లు వేసి, వివరాలు రాసుకుని వెళ్ళి, యూనివర్సిటీ కంప్యూటరులో ఎక్కించి, అటూ ఇటూ చిల్లులున్న పొడవాటి ప్రింటవుట్ మోసుకొచ్చాను. ఆసుపత్రిలో కంప్యూటరు లేదు కాబట్టి ఆ కాగితంలో పేరు వెతికి కార్డు నంబరు చెప్పడమే పరీక్ష. రెండు వారాలు వాడి చూశాక "ఇది పనిచేస్తోంది" అని డాక్టరమ్మగారు ఉత్తరం రాసిస్తేనే థీసిస్ తీసుకుంటానని మా గైడు చెప్పారు. నా డిగ్రీ ఆ ఉత్తరం మీద ఆధారపడి ఉంది.

ఒక్కొక్కరినీ గుర్తుపట్టడానికి వాడే గుర్తును మా చదువులో 'కీ' అంటారు. ఇంటిపేరు, పేరు, ఊరు కలిపి నేను కీ తయారుచేశాను. రూతమ్మగారి సొరుగుల్లో మాత్రం ఏ వరసా కనిపించలేదు.

"అక్షరక్రమం లేదేమిటండీ?" అని అడిగాను, కాస్త ఎగతాళిగానే.

"ఆయ్, పురిటికొచ్చేది మనుషులండి అమ్మాయిగారూ, అక్షరాలు కాదు" అన్నారావిడ.

ఈవిడకేం తెలుసులే అనుకున్నాను. అప్పుడు నా కళ్ళు నెత్తి మీద ఉన్నాయి మరి. మొదటి వారమంతా ఆవిడ సొరుగు లాగేలోపే నేను నంబరు చెప్పేసి, గెలిచినట్టు చుట్టూ చూసేదాన్ని.

తొమ్మిదో రోజు పొద్దున్న వాడపల్లి నుంచి సత్యవతి అనే అమ్మాయిని రిక్షాలో తీసుకొచ్చారు. ఇంటి దగ్గరే రెండో కాన్పయి ఐదు రోజులైంది. ఒళ్ళు కాలిపోతోంది, పలకరిస్తే పలకడం లేదు. రూతమ్మగారు పోస్టాఫీసుకి వెళ్ళారు.

"పాత కార్డుందేమో చూడమ్మా" అన్నారు డాక్టరమ్మగారు.

వాళ్ళ ఇంటిపేరు కుడుపూడి. కాగితమంతా వేలు పెట్టి వెతికి, "లేదండీ, కొత్త మనిషే" అన్నాను.

పక్కనున్న అత్తగారు కూడా, "ఆయ్, మా కోడలు ఇక్కడికి రావడం ఇదే మొదలండి" అంది. నర్సు పెన్సిలిన్ సిరంజిలోకి ఎక్కిస్తోంది.

అప్పుడే రూతమ్మగారు గుమ్మంలోకి వచ్చారు. మంచం మీదున్న ముఖాన్ని ఒక్కసారి చూశారు.

"ఆగండి డాక్టరమ్మగారూ! ఈ పిల్ల పలివెల అమ్మాయండి. పుట్టింటోళ్ళు తీసుకొచ్చేరు, తొలి పురుడు ఇక్కడే పోసుకుంది."

పలివెల సొరుగులోంచి కార్డు తీసుకొచ్చారు. గుబ్బల సత్యవతి. పైన ఎర్రసిరాతో 'పెన్సిలిన్ పడదు' అని ఉంది. కిందటిసారి ఆ ఇంజక్షన్‌కే గొంతు వాచి, ఊపిరాడక, అతికష్టం మీద బతికిందట. పుట్టింట ఉన్నప్పుడు జరిగిన సంగతి అత్తగారికి ఎవరూ చెప్పలేదు. డాక్టరమ్మగారు మందు మార్చారు.

నేను బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను. ఆ పోస్టాఫీసులో జనం ఇంకాస్త ఎక్కువుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయమే.

మూడో రోజుకి జ్వరం తగ్గి సత్యవతి లేచి కూర్చుంది. జరిగింది చెప్పి క్షమించమన్నాను.

"మీ కాగితంలో నేను లేనా అండి?"

"ఉన్నారు, మీ నాన్నగారి ఇంటిపేరుతో."

"మా ఆయన ఇంటిపేరుతో వెతికితే ఎలా దొరుకుతానండి మరి?" అని పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, కళ్ళనీళ్ళతో పాటు.

అసలు సిగ్గు ఇంటికెళ్ళాక తెలిసింది. మా అక్క అప్పటికి రెండు నెలలుగా తొలి పురిటికి మా ఇంట్లోనే ఉంది! "నా కార్డు ఏ ఇంటిపేరున రాశారే? మలిసారి మా అత్తగారి ఊరు పేరు చెప్పుకుని వస్తే నీ కాగితం నన్ను పోల్చుకుంటుందా?" అని ఒకటే ఆటపట్టించింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంట్లోనే ఓడిపోయాను.

మర్నాటి నుంచి రూతమ్మగారి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. వరస లేవనుకున్న ఆ సొరుగులు పుట్టిళ్ళ వరసలో ఉన్నాయి. ఇంటిపేరూ ఊరూ పెళ్ళితో మారిపోతాయి, పుట్టిన ఊరూ కన్నతల్లి పేరూ మారవు. ఆవిడ వచ్చినవాళ్ళని ముందు అవే అడిగేవారు. నా ఎదురుగానే వందసార్లు అడిగారు, నేనే వినలేదు. యూజర్‌కి అసలు ఏం కావాలో కనుక్కోవడాన్ని రిక్వైర్‌మెంట్స్ అనాలిసిస్ అంటారని పరీక్షలో పేజీలు నింపి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ప్రోగ్రాం మొదటి నుంచీ మార్చి రాసి, కొత్త ప్రింటవుట్ తెచ్చి ఆసుపత్రిలో ఇచ్చాను.

ఉత్తరం కోసం వెళ్తే డాక్టరమ్మగారు, "పనిచేసిందని రాయలేనమ్మా. జరిగింది రాస్తాను" అన్నారు. ఆ కవరు పట్టుకుని, డిగ్రీ పోయినట్టేనని బస్సెక్కాను.

గైడు చదివారు: "ఈమె తయారుచేసిన పేర్ల పట్టీ వల్ల ఒక తల్లి ప్రాణం మీదకి వచ్చింది. మా రూతమ్మ కాపాడింది. తర్వాత ఈ అమ్మాయి రూతమ్మ దగ్గర పని నేర్చుకుని పట్టీని సరిచేసింది. ఇప్పుడు దాన్ని మేము వాడతాం."

ఆయన కళ్ళజోడు తీసి, "ఇది థీసిస్‌లో మొదటి పేజీగా పెట్టు" అన్నారు.

అలాగే పెట్టాను. ఏటా కొత్త విద్యార్థులకి ఆ పేజీయే ముందు చదివి వినిపించేదాన్ని. కంప్యూటరు ముట్టుకునే ముందు, ఆ పని చేత్తో చేసే మనిషి పక్కన వారం రోజులు కూర్చుని రమ్మనేదాన్ని, నోరు మూసుకుని.