షావుకారు వచ్చినప్పుడు

"...అందరం నేల మీద కూర్చుంటే నీ ఒక్కదానికి స్టూలేంటే?"

"మోకాలు వంగదక్కా. నీకు తెలియనిదా?"

"తెలుసులే. షావుకారు గారొస్తే ఆయన ముందు ఎత్తు మీద కూర్చునుంటావా?"

నస్రత్ ఇంటినుంచి తెచ్చుకున్న స్టూలును వెంకటరావమ్మ మూలకు నెట్టేసింది. నల్లపాడు మిర్చి గోదాంలో తొడిమలు తీసే ఆడవాళ్లకు ఆమె మేస్త్రి. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని పొద్దంతా తిరుగుతూనే ఉంటుంది. ఎవరి చేతులు మండినా తనే కొబ్బరినూనె రాస్తుంది. బయట షావుకారు కారు చప్పుడైతే మాత్రం చప్పట్లు కొట్టి అందరినీ లేపి నిలబెడుతుంది. ఇరవై ఏళ్లుగా అదే అలవాటు.

మధ్యాహ్నం షావుకారు వచ్చాడు. అందరూ లేచారు. నస్రత్ గోడ పట్టుకుని సగం లేచి, కాయల కుప్ప మీద బోర్లా పడింది. మిరప దుమ్ము కళ్లలో కొట్టింది.

"అయ్యో, ఆమెనెందుకు లేపారు? అసలు లెమ్మని నేనెప్పుడన్నా చెప్పానా?" అన్నాడు షావుకారు.

ఎప్పుడూ చెప్పలేదు. నస్రత్ కళ్ల మీద నీళ్లు పోస్తూ వెంకటరావమ్మ ఎవరి ముఖమూ చూడలేకపోయింది.

"రేపటికి తగ్గిపోద్దక్కా. పనిలోంచి తీసెయ్యొద్దు," అంది నస్రత్, కళ్లు మూసుకునే.

వెంకటరావమ్మ స్టూలు తెచ్చి, దాని మీద ఆమెను కూర్చోబెట్టింది.

"రేపట్నుంచి ఎవరొచ్చినా లేవొద్దు," అంది అందరితో. "నేనూ లేపను."