అందరికీ పంపు

బెంగుళూరు కుందలహళ్ళిలో నేను చేసే ఉద్యోగం ఏమిటో మా అమ్మకు ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కలేదు. "అద్దెకిస్తారా? ఏం, ఇళ్ళా?" అనేది. ఈమెయిల్ అడ్రసులమ్మా అంటే నవ్వేది. ఇప్పుడు తలచుకుంటే ఆవిడ నవ్వడంలో తప్పేమీ లేదనిపిస్తుంది.

రెండువేల తర్వాతి తొలి ఏళ్ళలో అదొక కొత్త వ్యాపారం. ఎవరి దగ్గరో వేలమంది ఈమెయిల్ అడ్రసుల జాబితా ఉంటుంది. సరుకు అమ్ముకోవాలనుకున్నవాళ్ళు మా ఆఫీసుకొస్తారు. జాబితా వాళ్ళ చేతికివ్వం. వాళ్ళ ఉత్తరం తీసుకుని, అద్దె పుచ్చుకుని, మేమే ఒక్కసారి అందరికీ పంపిస్తాం. జవాబిచ్చినవాళ్ళ అడ్రసులు ఇక ఆ అమ్ముకునేవాళ్ళ సొంతం. మిగతావాళ్ళెవరో వాళ్ళకు తెలియనే తెలియదు. ఒప్పుకోనివాళ్ళకు ఉత్తరం పంపకూడదన్నది మా మొదటి నియమం. ఆ నియమాన్ని అందరికంటే గట్టిగా వల్లించేది నేనే.

చిక్‌పేటలో చీర కొనడానికి వెళ్ళినప్పుడు ఒక పట్టుచీరల కొట్టు పెద్దాయన పరిచయమయ్యాడు. తాతల నాడే బెంగుళూరు వచ్చి స్థిరపడిన తెలుగు నేతవాళ్ళు. అరవై దాటిన మనిషి. కొట్టులో అడుగుపెట్టిన ప్రతి ఆడమనిషినీ, ఆఖరికి కాలేజీ పిల్లనైనా, "అక్కా" అనే పిలిచేవాడు. చీర విప్పి చూపిస్తున్నంతసేపూ చూపు చీర మీదే గాని కట్టుకోబోయే మనిషి మీదికి పోనిచ్చేవాడు కాదు. ఆయన కొట్టుకైతే ఆడవాళ్ళు మగతోడు లేకుండా వచ్చి, సాయంత్రందాకా నిశ్చింతగా కూర్చునేవారు.

నా ఉద్యోగం గురించి విని, తనకూ ఒక జాబితా అద్దెకిమ్మన్నాడు. ఇచ్చాను. ఉత్తరం కింద "ఇకమీదట మా ఉత్తరాలు వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి" అన్న వరుస చూసి బాధపడ్డాడు. "కొట్టుకొచ్చినోళ్ళను మనమే పొమ్మంటామా మా?" అన్నాడు. వేలమందికి పంపితే జవాబులు ఆరేడు వచ్చాయి. అందులో రెండు, ఉద్యోగం ఉందా అని అడిగినవి.

"తెలీనోళ్ళ ఇంటి తలుపు తట్టినట్ల ఉండాది. ఇది మనకొద్దు మా," అని లోపల్నుంచి ఒక పెద్ద రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టాడు. ఎవరు ఎవరి పెళ్ళికి ఏ రంగు చీర కొన్నారో అందులో రాసి ఉంది, అక్కచెల్లెళ్ళకు ఒకే రంగు పడకుండా. పక్కన ఫోన్ నంబర్లు, ఈమధ్య రాయించుకున్న ఈమెయిళ్ళు. "నన్ను నమ్మి ఇచ్చిండేవి. బయటికి పోగూడదు," అన్నాడు. సరేనని ఆయన పేరున నేనే ఒక ఈమెయిల్ తెరిచి, వాటిని అందులోకి ఎక్కించాను. కొత్త చీరలు రాగానే వాళ్ళకు మాత్రమే కబురు పంపేవాళ్ళం. వచ్చేవారు కూడా.

అక్కడితో ఊరుకోవలసింది. నా చేతులు ఊరుకోలేదు.

కొన్నాళ్ళకు స్నేహితులను కలిపే వెబ్‌సైట్లు మొదలయ్యాయి. వ్యాపారమంతా ఇక అక్కడేనని ఆఫీసులో అందరం ఊగిపోతున్నాం. ఒక మధ్యాహ్నం ఆయన కొట్టులోని కంప్యూటర్లోనే ఆయన పేరుమీద ఒక ఖాతా తెరిచి, ఫోటో పెట్టాను. మీ ఈమెయిల్ పాస్‌వర్డ్ ఇస్తే మీకు తెలిసినవాళ్ళను మేమే వెతికిపెడతాం అంది సైటు. ఇచ్చాను. పేర్ల వరుస ఒకటి వచ్చింది, దానికింద "అందరికీ పంపు" అన్న బటన్. ఇప్పటికే సైటులో ఉన్నవాళ్ళకే పోతుందనుకున్నాను. చదవలేదు. నొక్కేశాను.

రిజిస్టరులోని రెండువందల పైచిలుకు ఆడవాళ్ళకు ఆయన ఫోటోతో సహా ఉత్తరం వెళ్ళింది: ఈయన మీతో స్నేహం చేయాలనుకుంటున్నారు, అవునా కాదా చెప్పండి. రెండు రోజులకు సైటు తనంతట తానే ఇంకోటి పంపింది. ఈయన ఇంకా మీ జవాబు కోసం ఎదురుచూస్తున్నారు.

ఎవరో ఒకాయన కొట్టుకొచ్చి, తన భార్యకు వచ్చిన ఉత్తరం అచ్చు తీసిన కాగితాన్ని బల్లమీద విసిరికొట్టి వెళ్ళాడట. నేను వెళ్ళేసరికి ఆ కాగితం అక్కడే ఉంది.

"నేను యాడ అడిగితిని మా ఇట్ల?" అన్నాడు పెద్దాయన. గొంతు పెంచలేదు. "అక్కా అని పిలిచిన నోరు కదా ఇది. నా మర్యాదె పోయె."

తప్పైందని అందరికీ ఇంకో మెయిల్ పెడతానన్నాను. "మళ్ళా మెయిలా?" అని చేతులు జోడించాడు. తనే ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తానన్నాడు.

నేను సెలవు పెట్టి వారం రోజులు ఆయన పక్కన కూర్చున్నాను. రిజిస్టరు చూసి నంబరు నొక్కడం నా పని. ఆయన లేచి నిలబడి మాట్లాడేవాడు, అవతలివాళ్ళు ఎదురుగా ఉన్నట్టే. అందరికీ ఒకటే మాట: "నాకు కంప్యూటర్ రాదక్కా. తెలీక నేనే నొక్కేసినాను."

మొదటి ఫోన్ పెట్టేయగానే, "నేను నొక్కానని చెప్పండి, లేదా నాకివ్వండి, నేనే చెబుతాను," అన్నాను.

"వద్దు మా. కంపెనీ అమ్మాయి నొక్కింది అంటే, మా నంబర్లు కంపెనీ వాళ్ళకిచ్చినావా అంటారు. దాని కంటే ఇదే మేలు. నీకూ ఉద్యోగం ఉండాది."

చాలామంది సర్దుకున్నారు. ఒక పెద్దావిడైతే, "సరే, స్నేహం చేద్దాం, మంచి చీర ఒకటి తీసిపెట్టు," అని నవ్వించింది కూడా. అయిదో రోజు, ఇంట్లో ప్రతి పెళ్ళికీ ఆయన దగ్గరే చీరలు తీసుకునే ఒకావిడకు చేశాం. ఆమె పేరుకింద రిజిస్టరులో రెండు పేజీలు నిండి ఉన్నాయి. ఆయన మాట ఆసాంతం విని, "ఈ వయసులో ఇదేం బుద్ధి?" అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. పెద్దాయన కూర్చుండిపోయాడు. కూర్చునే, "తర్వాతి నంబరు చెయ్ మా," అన్నాడు. ఆవిడ మళ్ళీ ఎన్నడూ ఆ కొట్టు మెట్లెక్కలేదు.

ఆమె నంబరు నా దగ్గరుంది. ఆ సాయంత్రం బస్సు దిగి ఫోన్ చేసి ఉండొచ్చు, పోనీ ఆ మరుసటి వారమైనా. ఆయన వద్దన్నాడు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి, భయం.

తర్వాత మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు పాఠం చెప్పే పని నాకే అప్పగించారు. ఒప్పుకోనివాళ్ళకు ఉత్తరాలు పంపితే ఏమవుతుందో చెప్పే చోట ఈ సంగతే ఉదాహరణగా చెబుతాను. ఒక చీరల కొట్టాయన ఉండేవాడు, పాపం కంప్యూటర్ రాదు, తెలియక బటన్ నొక్కేశాడు అంటాను. పిల్లలు పడీపడీ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఇన్నేళ్ళలో ఒక్క క్లాసులో కూడా, నొక్కింది నేనని చెప్పలేదు.