వేలంలో అక్క బొమ్మ

మా అక్క హైదరాబాదులో బొమ్మలు వేయడం చదువుకుంది. మిర్యాలగూడలో రైస్ మిల్లున్న ఇంటికి కోడలిగా వెళ్లింది. తొంభైల మొదట్లో మిల్లు అప్పుల్లో మునిగింది. ఒక పొద్దున బావ మిల్లు వెనక పొలంలోకి వెళ్లి పురుగుల మందు తాగాడు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

ఆ తర్వాత అక్క మాటలు తగ్గిపోయాయి. మేడ మీది కిటికీ దగ్గర కూర్చుని పెద్ద బొమ్మ ఒకటి వేసింది. పైన సగం ఊక బూడిద రంగు. కింద నలుపు. నడుమ వరి కొయ్యకాళ్ల పసుపు, సన్నటి గీతలా. చెట్టు లేదు, గట్టు లేదు. ఏంటిదని అడిగితే వెనక పొలమే అంది.

"మనుషులు లేరేందక్కా?"

"ఉన్న మనిషిని తీస్కపోయిండ్రు గద."

ఏడాది తిరగకముందే బ్యాంకువాళ్లు ఇల్లూ సామానూ వేలం పెట్టారు. వద్దన్నా వినకుండా అక్క నన్ను తోడు తీసుకుని వెళ్లింది. వడ్లు ఆరబోసే గచ్చు మీదే వేలం. బీరువాలు, మంచాలు తొందరగానే పోయాయి. బొమ్మ వంతు వచ్చేసరికి వేలం వేసేవాడు దాన్ని తలకిందులుగా ఎత్తి చూపించాడు. వానకు ఉరిసిన గోడలాగుందని ఎవరో అంటే నలుగురు నవ్వారు. అక్క లేచి వెళ్లింది. తనే దాన్ని తిప్పి నిలబెట్టి, వచ్చి నా పక్కన కూర్చుంది. ఇక ఎవరూ నవ్వలేదు. పాటా పాడలేదు.

చివరికి ఒక కిరాణా కొట్టాయన అడిగాడు. ఆయనకు కావలసింది చుట్టూ ఉన్న టేకు ఫ్రేము. దేవుడి పటం బిగించుకుంటాడట. అక్క దగ్గరికొచ్చి, బొమ్మ గుడ్డ ఊడదీసి ఇచ్చేస్తానన్నాడు, మర్యాదగానే.

అక్క కాసేపు దానివైపే చూసింది.

"తియ్యకు. పటం ఎనక గట్లనే ఉండనియ్యి. చెమ్మ పట్టది."

ఆయన తలూపి రిక్షాలో వేయించుకుని పోయాడు.

ఆ సాయంత్రమే ఇద్దరం కోదాడలోని మా ఇంటికి బస్సెక్కాం. హుజూర్‌నగర్ దాటాక అక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బావ పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

మా ఇంట్లోనే ఉండి జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. మా ఆయన సూర్యాపేట నుంచి రంగుల డబ్బా తెస్తే, పక్కింటి పిల్లలకు ఇచ్చేసింది. కుట్టు చక్కగా కుట్టేది. ఏ గుడ్డకు ఏ రంగు దారం నప్పుతుందో మాత్రం నన్నే ఎంచి తీయమనేది.