అభిప్రాయం అడిగింది ఆయనను

భర్త కొట్టాడని దిల్‌సుఖ్‌నగర్‌లో అన్న ఇంటికి చేరి, ఎల్బీనగర్‌లోని మహిళా సహాయ కేంద్రంలో ఫిర్యాదు చేశాను. ఆయన్ని పిలిపిస్తామన్నారు. నెల గడిచాక వెళ్లి అడిగితే కౌన్సెలర్ మేడం నవ్వింది.

"మీ కేసు అయిపోయిందమ్మా. మా పని ఎట్లుందని ఫోన్ చేసి అడిగినం. అంతా మంచిగున్నదని చెప్పిన్రు గద."

"ఎవరు చెప్పిన్రు?"

"మీ సారే. ఇంటి పెద్ద గదా అని ఆయనకే చేసినం."

"నన్ను కొట్టినప్పుడు గూడ ఆయన మస్తు ఖుషీగనే ఉండె మేడం."

ఆమె నవ్వు ఆపి టీ తెప్పించింది. అప్పటిదాకా నాకు అందిన సహాయం ఆ టీ ఒక్కటే. అందులోనూ చక్కెర లేదు, అది ఇప్పటికీ మరచిపోలేదు. కేసు మళ్లీ తెరిచేదాకా లేవనని ఆ కుర్చీలోనే కూర్చున్నాను. సాయంత్రానికి తెరిచారు. ఈసారి నా నంబరు రాసుకున్నారు.