మా అత్త ఉప్పుమడి

చాప ఇటు జరుపుకుని నా పక్కన కూర్చోండి, చెబుతాను. తెల్లదొరల కాలంలో హుమ్మ అనే ఊళ్ళో ఉప్పుమడుల్లో పనిచేసిన మా అత్తకు పుట్టుచెవుడు, మాట రాదు. తన తరఫున ఎవరు నోరు తెరిచినా ఉప్పుచేత్తో మూసేసేది. ఎంత విసిగించేదో!

మామ పోయాక, ఆయన పేరున ఉన్న మడి ఎవరికివ్వాలో తేల్చడానికి సర్కారు ఉప్పుశాఖ ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

"సెవిటిది, దానికేటి తెలుస్తాది బాబూ? నా పేరు రాసుకోండి," అన్నాడు ఆమె మరిది. అత్త అతని నోరు మూసింది.

"మా అత్తకి పనంతా వొచ్చు బాబూ," అని నేను అందుకున్నాను. నా నోరూ మూసేసింది!

"నీ మంచికే కదత్తా సెప్తన్నాను!" అని మొత్తుకున్నాను.

నన్ను పక్కకు నెట్టి, ఇన్‌స్పెక్టరును బూట్లతోనే మడిలోకి లాక్కెళ్ళింది. ఉప్పు పోగుచేసి అతని దోసిట పోసింది. అతను ఆమె పేరే రాశాడు.

సాయం చెయ్యబోయిన నామీద మాత్రం మూడు రోజులు అలిగింది. మీ ఇంట్లో అందరూ తమ మాట తామే చెప్పుకుంటూ చల్లగా ఉండాలి.