నెలకు నాలుగు వందల లీటర్లు

కూ హేవన్ ఆ ఫ్యాక్టరీలో అడుగుపెట్టిన మొదటి రోజే పనివాళ్లు ఆమెకో పేరు పెట్టేశారు. పొద్దున వ్యాయామానికి వరుసల్లో నిలబడ్డప్పుడు వెనకనుంచి ఎవరో, "పైవాళ్ల సీసీ కెమెరా వచ్చింది, చేతులు బాగా చాపండి" అన్నారు. నలుగురు నవ్వారు. హేవన్ చేతులు చాపుతూనే, ఆ మాటన్నది ఎవరా అని ఓరకంట వెతికింది.

చాంగ్వన్ పారిశ్రామికవాడలో భారీ గేర్లు చేసే కంపెనీ అది. హేవన్ యూనివర్సిటీలో మూడో ఏడు చదువుతోంది. నాణ్యత, భద్రత, పర్యావరణం చూసే విభాగంలో ఆరు నెలల శిక్షణకు వచ్చింది. సొంతవూరు సముద్రం ఒడ్డునున్న తొంగ్యోంగ్. తల్లి అక్కడ ఇరవై ఏళ్లుగా ఆల్చిప్పలు ఒలిచే షెడ్డులో పనిచేస్తోంది. హేవన్ చిన్నప్పుడు ఒక ఏడాది సముద్రం మీద నూనె తెట్టు తేలి, ఆ షెడ్డు రెండు నెలలు మూతపడింది. అది ఎవరు వదిలిన నూనో ఎవరూ తేల్చలేదు. వూళ్లో ప్రతివాడూ ఇంకొకడిని అనుమానించాడు. ఆ గాలిలో పెరిగినందుకేమో, ఆమెకు ఎవరి మాటా ఒక పట్టాన నమ్మబుద్ధి అయ్యేది కాదు.

విభాగానికి పెద్ద పెక్ దోహ్యోన్. నలభై దాటినవాడు, నిదానస్తుడు. రోజూ తన చేత్తోనే కాఫీ కలిపి ఆమె బల్ల మీద పెట్టేవాడు. మూడో నెలలో విదేశీ కొనుగోలుదారుకు పంపాల్సిన పర్యావరణ నివేదిక ఆమెకు అప్పగించాడు. అందులో ఒక వరుస దగ్గర హేవన్ చూపు ఆగిపోయింది. యంత్రాల్లో వాడేసిన నూనె: జనవరిలో నాలుగు వందల లీటర్లు, ఫిబ్రవరిలో నాలుగు వందలు, మార్చిలో నాలుగు వందలు. మేలో పని రెట్టింపయింది, రెండు షిఫ్టులూ నడిచాయి. మేలోనూ నాలుగు వందలే.

"సార్, పని పెరిగితే నూనె పెరగదా?" అని అడిగింది.

పెక్ నవ్వాడు. "ఆ లెక్క మాన్‌గి మేస్త్రి రాసిస్తాడమ్మా. ముప్పై ఏళ్లుగా ఆయన రాజ్యమే. అడిగి చూడు." తర్వాత గొంతు తగ్గించాడు. "కాస్త చూసుకుని అడుగు. ఆయన సంగతి మాకూ పూర్తిగా తెలియదు."

ఆ చివరి మాట హేవన్ మనసులో ముల్లులా దిగింది.

సొక్ మాన్‌గికి యాభై తొమ్మిదేళ్లు. ముక్తసరిగా మాట్లాడే మనిషి. హేవన్ నూనె సంగతి ఎత్తగానే, "కాగితంలో ఎంతుంటే అంతే" అని మొహం తిప్పుకున్నాడు. మధ్యాహ్నం పచ్చళ్లు, పులుసు తిన్నాక అందరూ అట్టలు పరుచుకుని కునుకు తీస్తుంటే, అతను మాత్రం వారంలో ఒకటి రెండు రోజులు తోపుడుబండి మీద ఒక డ్రమ్ము పెట్టుకుని, మూతపడ్డ రంగులు వేసే షెడ్డు వెనక్కి వెళ్లేవాడు. పావుగంటకు ఖాళీ బండితో తిరిగొచ్చేవాడు. ఆ షెడ్డు వెనక వాననీటి కాలువ ఉంది. అది వాగులో కలుస్తుంది, వాగు మాసన్ అఖాతంలో.

హేవన్ దూరం నుంచి ఫోన్‌తో ఫోటోలు తీసింది. రెండు వారాల్లో మూడుసార్లు. నాలుగోసారి మాన్‌గి తలెత్తి సూటిగా చూశాడు.

"ముసలాడి ఫోటో ఎందుకమ్మాయ్? పెళ్లిసంబంధం చూస్తున్నావా?"

ఆమె గబుక్కున ఫోన్ జేబులో పెట్టుకుంది. అనుమానం మాత్రం ఇంకా గట్టిపడింది.

జులైలో కుంభవృష్టి కురిసిన మధ్యాహ్నం, రెయిన్‌కోటు వేసుకుని కాలువ దగ్గరికి వెళ్లింది. నూనె వదిలితే ఇలాంటి రోజే వదలాలి. వంగి వాసన చూసింది. తెల్ల కాగితం నీళ్లలో ముంచి తీసింది. మట్టి తప్ప ఏమీ అంటలేదు. నాలుగు చోట్ల ముంచినా అంతే. షెడ్డు కిటికీకి మొహం ఆనించి లోపలికి చూడబోయింది.

"తాళం నా దగ్గరుంటే కిటికీతో పనేముంది?"

మాన్‌గి వెనకే నిలబడి ఉన్నాడు. వెనకవైపు తలుపు తీశాడు. లోపల వరుసగా డ్రమ్ములు. ఒక్కోదాని కింద రేకు పళ్లెం, అందులో రంపపు పొట్టు. డ్రమ్ము మీద సుద్దముక్కతో తేదీ, బరువు. హేవన్ లెక్కపెట్టింది. ఇరవై ఏడు.

"నెలకు రెండు డ్రమ్ములే, అంటే నాలుగు వందల లీటర్లే బయటికి పంపాలన్నారు. మిగతాది వాన పడ్డప్పుడు కాలువలోకి వదిలేయమన్నారు. చెయ్యి రాలేదు" అన్నాడు మాన్‌గి.

"ఎవరన్నారు?"

"పొద్దున్నే నీకు కాఫీ కలిపేవాడు. నూనె సగానికి తగ్గిస్తానని కొనేవాళ్లకు మాటిచ్చాడు. నూనె తగ్గలేదు, అంకె తగ్గించాడు."

"మరి మీరెందుకు చెప్పలేదు?"

"ఎవరికి? చెప్పాల్సిన విభాగం ఆయనదేగా. ఇంకో ఐదు నెలల్లో నా ఉద్యోగం అయిపోతుంది. నోరు మూసుకుని డ్రమ్ములు దాచుకున్నా."

హేవన్ ఆ మాట కూడా నమ్మలేదు. పట్టుబడ్డవాడు కథ అల్లడం కష్టమా? నాలుగు రోజులు గోడౌన్ కాగితాలు తిరగేసింది. ఎంత నూనె లోపలికి వచ్చింది, యంత్రాల్లో ఎంతుంది, ఇనుప రజనుతో పాటు ఎంత పోయింది, లెక్క చూపి ఎంత బయటికి పంపారు, అన్నీ కలిపి చూసింది. తేడా దాదాపు ఇరవై ఏడు డ్రమ్ములే. కాలువలోకి చుక్క కూడా పోలేదు.

ఐదో రోజు మళ్లీ షెడ్డుకు వెళ్లి, తల వంచుకుని నిలబడింది. "మిమ్మల్ని దొంగ అనుకున్నాను, మేస్త్రిగారూ."

"తెలుసు. నేనూ నిన్ను పెక్ పంపిన మనిషివే అనుకున్నా" అన్నాడు.

నివేదికలో ఆమె కాగితంలోని నాలుగు వందలూ, తను తేల్చిన అసలు అంకే పక్కపక్కనే రాసింది. పెక్ దాన్ని చదివి, కాఫీ కప్పు పక్కకు జరిపాడు.

"హేవన్, నీ శిక్షణ మార్కులు వేసేది ఎవరో మరిచిపోయావా?"

"లేదు సార్."

"మేస్త్రి నిన్ను వాడుకుంటున్నాడు. అనుమతి లేకుండా నూనె దాచడం నేరం. ముందు పోయేది ఆయనే."

నేరమన్న మాట నిజమే. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్నే మాన్‌గిని వెతికి పట్టుకుని, ఆ మాట దాచకుండా చెప్పింది. మీరు వద్దంటే ఆ పేజీ తీసేస్తానంది. మాన్‌గి చేతి తొడుగులు విప్పి బల్ల మీద పెట్టాడు.

"నా పేరు కూడా రాయి. నువ్వు రాయకపోతే వాళ్లు ఇంకోలా రాస్తారు" అన్నాడు.

శిక్షణ ముగింపు సమావేశంలో హేవన్ ఆ పేజీని ఫ్యాక్టరీ డైరెక్టర్ ముందే చదివింది. డైరెక్టర్ పెక్ వైపు చూశాడు. పెక్ తన కాగితాల వైపు చూసుకున్నాడు. మూడో రోజున వాడేసిన నూనె తీసుకెళ్లే అనుమతి ఉన్న లారీ వచ్చి షెడ్డులోని డ్రమ్ములన్నీ ఎక్కించుకుపోయింది. కొనుగోలుదారుకు సవరించిన అంకెలు వెళ్లాయి. పెక్‌ను ఇంకో వూరి శాఖకు మార్చారు. మాన్‌గికి హెచ్చరిక పత్రం చేతికిచ్చారు. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. చలికాలంలో అనుకున్న రోజుకే రిటైరయ్యాడు. హేవన్‌కు మార్కుల కాగితంలో "ఫరవాలేదు" అని వచ్చింది. కింద, వెళ్లేముందు పెక్ పెట్టిన సంతకం.

పనివాళ్లు ఆమెను మెచ్చుకున్నదేమీ లేదు. ఒకరిద్దరు, డైరెక్టరే పెక్‌ను తప్పించడానికి ఈ పిల్లను పంపాడనుకున్నారు. భోజనశాలలో పులుసు వడ్డించే పిన్ని మాత్రం ఆఖరి రోజు గుడ్డు ఇంకోటి వేసి, "నిజం చెప్పు, నిన్ను ఎవరు పంపారు?" అని చెవిలో అడిగింది.

"కాలేజీవాళ్లు, పిన్నీ."

"సరేలే, చెప్పవుగా" అంది పిన్ని.

చదువు అయ్యాక హేవన్‌కు కిమ్హే దగ్గర పంపులు చేసే చిన్న ఫ్యాక్టరీలో అదే పని దొరికింది. మొదటి వారంలో ఒక లేత్ పనివాడు ఆమెను చూసి నోటుపుస్తకం వెనక్కి దాచాడు. హేవన్ ఫోన్ తీయలేదు. స్టూలు లాక్కుని అతని పక్కన కూర్చుని, అందులో ఏముందని అడిగింది.